రెండు హ్యాండిళ్లూ ఎడమవైపే

పొద్దున నల్లా వచ్చి పోగానే రాహేలు కుట్టుమిషన్ ముందు కూర్చునేది. శాలిబండ చౌరస్తా నుంచి లోపలికి తిరిగే ఆ గల్లీలో మిషన్ చప్పుడు మొదలైందంటే, పాలగిన్నె పొయ్యి మీద పెట్టే వేళయిందని ఇరుగుపొరుగు ఆడవాళ్లు లెక్కగట్టుకునేవాళ్లు. ఆమె కుట్టేవి గలీబులు. దిండ్ల గలీబులు ఎవరైనా కుడతారు. రాహేలు రేడియోలకు, టీవీలకు, ఫ్రిజ్‌లకు, టెలిఫోన్లకు, స్కూటర్లకు కుట్టేది. ఆ రోజుల్లో ఇంట్లోకి ఒక వస్తువు వచ్చిందంటే, దాన్ని ఒంటి మీద గుడ్డ లేకుండా నలుగురి కంట్లో పడనివ్వడం మర్యాద కాదు.

అయితే అందరి ఇళ్లలో వస్తువు ముందు వచ్చేది, గలీబు తర్వాత వచ్చేది. రాహేలు దగ్గర గలీబు ముందు. స్కూటర్ బుక్ చేసి ఏళ్లతరబడి ఎదురుచూసే కాలం అది. గ్యాసు పొయ్యికి, టెలిఫోనుకు, అన్నిటికీ ఎదురుచూపే. రాహేలు గలీబు కుట్టి ఇచ్చిందంటే మాత్రం ఆ వస్తువు ఇక ఆగేది కాదు, గలీబు ఎట్లా ఉంటే అట్లాగే వచ్చి అందులో దూరేది. విమలాదేవి అని ఒక షావుకారు ఇల్లాలు ఫ్రిజ్ ఎత్తు చెప్పమంటే చెయ్యి తన భుజం దాకా ఎత్తి చూపించింది. ఆమె పొట్టి మనిషి. ఫ్రిజ్ సరిగ్గా ఆమె భుజం దాకానే వచ్చింది. తెచ్చినవాళ్లు ఇట్లాంటి సైజు మా కంపెనీ చెయ్యదే అని కాసేపు తల గోక్కుని, గలీబు ఎవరు కుట్టారమ్మా అని అడిగి, రాహేలు పేరు విని, దించేసి వెళ్లిపోయారు.

అప్పటినుంచి రాహేలు ఒక షరతు పెట్టుకుంది. వస్తువును కళ్లారా చూసినవాళ్లే కొలత చెప్పాలి. విన్నది, ఊహించింది పనికిరాదు. ఈ షరతు గల్లీకే కాదు, మూసీ అవతలి ఆఫీసుల్లో కూడా తెలుసు. రాహేలు గలీబు కుట్టిందంటే ఎవరో ఒకరు ఆ వస్తువును చూసే ఉంటారని అందరి నమ్మకం.

ఆమె భర్త ఇశ్రాయేలు ఊరి అవతల సర్కారు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. రోజూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల పాయ తీసి దువ్వుకుని ఫ్యాక్టరీ బస్సెక్కేవాడు. డిజైన్ సెక్షన్‌లో ఉన్నాడని గల్లీ అంతా చెప్పుకునేది. చర్చిలో రాహేలు పక్కన కూర్చునే ఆడవాళ్లకు కూడా తెలుసు. తెలియనిది ఒక్కటే, అతను డిజైన్ సెక్షన్‌లో లేడు. ప్యాకింగ్‌లో ఉన్నాడు. తయారైన టీవీల చుట్టూ గడ్డి కూరి, అట్టపెట్టెలో దించి, పైన తాడు బిగించడం అతని పని.

ఈ అబద్ధం పుట్టిన తీరు కూడా పెద్ద గొప్పగా ఏం లేదు. కొత్తగా చేరిన రోజు ఎవరో ఒక బల్ల మోయమంటే మోసుకెళ్లి డిజైన్ గదిలో పెట్టి వచ్చాడు. అద్దాల కిటికీలు, నెత్తిన ఫ్యాన్లు, తెల్ల చొక్కాల మనుషులు. సాయంత్రం రాహేలు "ఏం పనిచ్చిండ్రు?" అని అడిగితే ఆ గది కళ్లలో మెదిలి, "డిజైన్ సెక్షన్ల" అనేశాడు. రాహేలు మొహం వెలిగింది. మర్నాడు దిద్దుదాంలే అనుకున్నాడు. మర్నాటికి ఆమె వాళ్లమ్మకు చెప్పేసింది, ఆమె చర్చి అంతటికీ చెప్పింది. అక్కడితో దిద్దుకునే దారి మూసుకుపోయింది. ప్యాకింగ్ పనిలో తలదించుకోవాల్సింది ఏముంది? ఆ ముక్క ఇశ్రాయేలుకూ తెలుసు. తెలిసి కూడా చెప్పలేకపోయినందుకు రోజూ ఇంటి గడప తొక్కేటప్పుడు సిగ్గుపడేవాడు. రాహేలు కంచంలో అన్నం పెట్టి "అలసిపోయినవా?" అంటే కంచంలోంచి తల ఎత్తేవాడు కాదు.

ఆ ఏడు రంగుల టీవీలు కొత్త. టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ మిషన్‌ను మన సర్కారు ఫ్యాక్టరీలోనే తయారుచేయబోతున్నారని ఎవరో అన్నారు. ఇక చూడాలి. గల్లీ మొదట్లో ఉన్న హోటల్‌లో చాయ్ తాగేవాళ్లకు వేరే ముచ్చట లేకుండా పోయింది. ఆ మిషన్ ఎట్లా ఉంటుంది? ఎవరూ చూడలేదు కాబట్టి అందరికీ తెలుసు.

"స్టీరింగ్ ఉంటది," అన్నాడు మొగులయ్య. అతను సిటీ బస్సు డ్రైవరు. "స్టీరింగ్ లేకుంట బండెట్ల నడుస్తది?"

"బండి కాదన్నా, ఆట," అన్నాడు వైకుంఠం. ఆయనది హార్మోనియంలు బాగుచేసే దుకాణం.

"ఆటల ఉండేది బండే గద."

"నా లెక్కకైతే మెట్లుంటయి. తెల్లయి, నల్లయి. ఒక్కో మెట్టుకు ఒక్కో పని. ఎన్క దిక్కు చిన్న తిత్తి."

"తిత్తెందుకు?"

"చప్పుడెట్లొస్తది మరి?"

అఫ్జల్‌గంజ్‌లో కరెంటు సామాన్ల దుకాణం నడిపే కైలాసం సేటు ఇల్లు ఆ గల్లీలోనే. ఆయన దగ్గర ఫారిన్ మిషన్ ఒకటి ఉండేది. దుకాణం వెనక గదిలో టీవీకి తగిలించి పైసలకు ఆడించేవాడు. అది చెడిపోయి మూలన పడింది. అందుకని ఈ చర్చలో ఆయనకు పెద్దరికం ఉండేది. "నా దాని లెక్కనే ఉంటది. నల్లగ, పలక లెక్క. మనోల్లు వాల్లదే చూసి గీస్తరు," అనేవాడు. మొగులయ్య ఒప్పుకునేవాడు కాదు. కిందికి కాళ్లుంటాయని ఒకరు, వేడెక్కుతుంది కాబట్టి నీళ్లు పోసే తావు ఉంటుందని ఒకరు. చాయ్ చల్లారేది, లొల్లి చల్లారేది కాదు. ఇశ్రాయేలు మూలన కూర్చుని వినేవాడు. ఎవరైనా అతని వైపు చూస్తే "సీక్రెట్. చెప్పొద్దు," అనేవాడు. ఆ మాట అనేసి చాయ్ సాసర్ మొహానికి అడ్డం ఎత్తేవాడు.

ఒక సాయంత్రం కైలాసం సేటు విసిగిపోయాడు.

"డిజైన్ల ఉన్నోన్ని ముందట పెట్టుకోని మనం కొట్లాడుడేంది? చెప్పరాదు ఇశ్రాయేలు."

"సీక్రెట్, సేటూ."

"సీక్రెట్ లేదు ఏం లేదు," అని కైలాసం నవ్వాడు. "ఈనెకు చూపిస్తె గద."

పక్క బల్లల వాళ్లూ నవ్వారు. మామూలు నవ్వే, పగ లేదు, ఈర్ష్య లేదు. కానీ ఇన్నేళ్లుగా దాచుకున్నదాన్ని ఎవరో పట్టేసుకున్నట్టు ఇశ్రాయేలు బెదిరిపోయాడు. బెదిరిన మనిషి నోరు ఊరుకోదు.

"చూడకపోవుడేంది? రోజు చూస్తున్న," అన్నాడు. కుడిచేతిలో చాయ్ సాసర్ ఉంది. ఎడమచేత్తో గాలిలో గీయడం మొదలుపెట్టాడు. "పైన డబుల్ రొట్టె లెక్క గుండ్రం. ముందటికి జారు. నడుమ చిన్న గుంత, క్యాసెట్ పెట్టుడుకు. ఇగ పట్టుకునే హ్యాండిళ్లు రెండు. ఒకటి గిక్కడ, ఒకటి గిక్కడ."

చూపించే చెయ్యి ఒక్కటే కావడంతో రెండు 'గిక్కడ'లూ ఒకే పక్కన పడ్డాయి. వైకుంఠం పట్టేశాడు.

"రెండు ఎడమ దిక్కేనా?"

సాసర్ కింద పెట్టి ఒకటి కుడివైపు అని సర్దుకుంటే సరిపోయేది. కానీ అబద్ధం చెప్పేవాడికి తప్పు ఒప్పుకోవాలంటే ప్రాణం మీదికొస్తుంది. "రెండు ఎడమ దిక్కే. గదే కొత్త డిజైన్," అన్నాడు.

"కరెక్టే," అన్నాడు మొగులయ్య. "గేర్ రాడ్ గూడ ఎడమ దిక్కే గద."

దాంతో తేలిపోయింది. కైలాసం సేటు లేచి నిలబడ్డాడు. "అయితె నడువు. మొదటి పీసు నా దుకాన్లకే రావాలె. మీ ఇంటామెతోని గలీబు కుట్టిద్దాం," అన్నాడు. ఇశ్రాయేలు వద్దనలేక ఆయన వెనకే ఇంటికి నడిచాడు.

రాహేలు మెడలో టేపు వేసుకుని ఎదురొచ్చింది. సంగతి విని, భర్త వైపు తిరిగింది. ఎవరినైనా అడిగే మాటే అడిగింది.

"కండ్లార చూసినవా?"

కైలాసం సేటు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "చూసిన," అన్నాడు ఇశ్రాయేలు.

"చేతులతోని చూపియ్యి."

అతను రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టాడు. రాహేలు ఆ చేతుల నడుమ ఉన్న గాలికి టేపు పెట్టి కొలిచింది. పొడవు, వెడల్పు, జారు, గుంత లోతు. ఎడమవైపు హ్యాండిళ్లకు రెండు సంచులు. ప్రతి కొలతా నోట్లో ఒకసారి అనుకుని గుర్తుపెట్టుకుంది.

"చేతులు గట్టిగ పెట్టు. వణుకుతున్నయి."

"చాయ్ మస్తు తాగిన."

సేటు వెళ్లిపోయాక ఇశ్రాయేలు గోడకానుకుని కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పేస్తే అయిపోతుంది, ఇంకా కత్తెర పడలేదు. "రాహేలూ," అని మొదలుపెట్టాడు. ఆమె ట్రంకుపెట్టెలోంచి మెరూన్ మఖ్మల్ గుడ్డ తీసి ఒళ్లో పరుచుకుంది. "ఒక్కటి చెప్పనా?" అంది తనే. "ఇన్నేండ్లు నువ్వేం పని జేస్తవో నాకు సమజ్ కాలె. అడిగితె నాకేం తెలుస్తదని ఊకున్న. ఇయ్యాల నీ పని నా చేతిలకొచ్చింది. ఇద్దరం కలిసి చేసినట్టనిపిస్తున్నది."

ఇశ్రాయేలు చెప్పాలనుకున్నది చెప్పలేదు. దీపం వత్తి సరిచేసే నెపంతో లేచి బయటికి వెళ్లిపోయాడు. కరెంటు ఉంది, దీపం వెలిగించనే లేదు.

గలీబు ముచ్చటగా వచ్చింది. మెరూన్ మఖ్మల్‌కు అంచున పసుపు జరీ, ఎడమవైపు చెవుల్లాగా రెండు సంచులు. కైలాసం దాన్ని దుకాణంలో అద్దాల బీరువాలో పెట్టాడు. జనం వచ్చి చూసి, ఆహా ఇట్లా ఉంటుందన్నమాట అనుకుని వెళ్లేవాళ్లు. వైకుంఠం కూడా హార్మోనియం మెట్ల ఊసు వదిలేశాడు.

ఫ్యాక్టరీలో ఆ మిషన్ బొమ్మ గీసే బాధ్యత రామ్‌చందర్ అనే ఇంజనీరుది. నెలలుగా ఆయన గీస్తున్నాడు, పెద్దవాళ్లు కాదంటున్నారు. ఒకరోజు మధ్యాహ్నం భోజనం మానేసి కూర్చుని ఒక్క ఊపున గీసేశాడట, పెద్దవాళ్లు వెంటనే ఒప్పుకున్నారట. క్యాంటీన్‌లో ఈ మాట విని ఇశ్రాయేలు పెద్దగా పట్టించుకోలేదు. డీలర్ల మీటింగు కోసమని మొదటి మోడల్‌ను గుడ్డలో చుట్టి ప్యాకింగ్‌కు దించారు. దాన్ని పెట్టెలో దించడానికి ఇశ్రాయేలు గుడ్డ విప్పాడు.

డబుల్ రొట్టెలాగా గుండ్రం. ముందుకు జారు. నడుమ గుంత. రెండు హ్యాండిళ్లూ ఎడమవైపే.

ఒక్క క్షణం సంతోషమేసింది, దాచుకోవడమెందుకు. తన నోట్లోంచి వచ్చింది ప్లాస్టిక్ అయి కూర్చుంది కదా. ఆ తర్వాత నిలువెల్లా సిగ్గు పాకింది. ఏ గదిలో తను గడ్డి కూరుతున్నాడని ఎవరికీ తెలియకూడదనుకున్నాడో, తన అబద్ధం ఆ గదికే వచ్చి బల్ల మీద కూర్చుంది. చుట్టూ గడ్డి మామూలుకన్నా ఎక్కువ కూరి, కనపడకుండా మూత పెట్టేశాడు.

మీటింగుకు కైలాసం సేటు గలీబు చంకలో పెట్టుకుని వెళ్లాడు. మోడల్‌ను అందరి ముందు బల్ల మీద పెట్టగానే లేచి వెళ్లి గలీబు తొడిగాడు. ఎక్కడా ముడత లేకుండా, హ్యాండిళ్ల దగ్గర కూడా, ఒంటికి అంటుకున్నట్టు సరిపోయింది. డీలర్లు చప్పట్లు కొట్టారు. మేనేజర్ కొట్టలేదు.

"సేట్‌జీ, ఈ మోడల్ ఇవాళ దాకా ఫ్యాక్టరీ దాటి బయటికి పోలేదు. మీకు గలీబు ఎప్పుడు కుట్టారు?"

"మస్తు దినాలైంది సార్. మా గల్లీ రాహేలు కుట్టింది."

మేనేజర్ బావమరిది స్కూటర్ కూడా రాహేలు గలీబు లోపలికే వచ్చింది కాబట్టి ఆయనకు వివరాలు చెప్పే పనిలేకపోయింది. చూసినవాళ్లు చెబితే తప్ప ఆమె కుట్టదని ఆయనకు తెలుసు. అంటే ఎవరో చూశారు. డిజైన్ గది తాళం ఉండేది ఒక్క రామ్‌చందర్ దగ్గరే. అంటే రామ్‌చందర్ చూపించాడు. ఎవరికి అని అడిగితే కైలాసం గర్వంగా, "మీ డిజైన్ల మా ఇశ్రాయేలు లేడా?" అన్నాడు. డిజైన్‌లో ఇశ్రాయేలు ఎవరూ లేరు. సేటు వెళ్లిపోయాక వెతగ్గా వెతగ్గా ప్యాకింగ్‌లో ఒకడు దొరికాడు.

రామ్‌చందర్ బొమ్మను బయటికి అమ్ముకున్నాడని ఫ్యాక్టరీ అంతా గుప్పుమంది. ఉద్యోగం పోతుందన్నారు, పోలీసులు కూడా వస్తారన్నారు. మేనేజర్ ఇశ్రాయేలును పిలిచి అడిగాడు.

"నీకు ఎవరు చూపించారు?"

ఇశ్రాయేలు నేల చూశాడు. ఎవరూ చూపించలేదు సార్, నేను అబద్ధం చెప్పిన అంటే అయిపోయేది. కానీ కైలాసం సేటు ఆ మాట సాయంత్రానికల్లా గల్లీకి చేరుస్తాడు, గల్లీ రాహేలుకు చేరుస్తుంది. "కుట్టింది మా ఇంటామె సార్," అని మాత్రం అన్నాడు. సిగ్గుమాలిన మాట అది. నిందను తీసుకెళ్లి రాహేలు గుమ్మంలో పెట్టినట్టే. అయినా అన్నాడు.

"అయితే రేపు ఆమెనే పిలుద్దాం. ఎవరి కళ్లతో కొలిచిందో ఆమే చెప్పాలి," అన్నాడు మేనేజర్.

రాత్రి ఇశ్రాయేలు అన్నం తినలేదు. రాహేలు మాత్రం హడావుడిగా ఉంది. భర్త ఆఫీసు నుంచి పిలుపు రావడం అదే మొదటిసారి. మర్నాడు ఆదివారాలు కట్టుకునే తెల్లచీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, కైలాసం సేటు వెంట రిక్షాలో వెళ్లింది. ఇశ్రాయేలు ఎప్పట్లాగే ముందే బస్సులో వెళ్లిపోయాడు. ఏం అడుగుతారో ఆమెకు చెప్పలేదు. చెబితే ఎందుకు అడుగుతారో చెప్పాలి.

మేనేజర్ ఆమెకు కుర్చీ వేయించాడు. రామ్‌చందర్ ఒక పక్కన నిలబడి ఉన్నాడు. ముప్పై దాటని మనిషి, రెండు రోజుల్లో మొహం పీక్కుపోయింది. బల్ల మీద మిషన్, దాని మీద మెరూన్ గలీబు.

"అమ్మా, దీనికి కొలత ఎవరు చెప్పారు?"

"మా ఆయన సారు."

"ఆయన దీన్ని చూశాడా?"

"చూసిండు. చూడంది నేను కుట్ట."

"నిజంగా చూశాడని నీకెట్లా తెలుసు?"

రాహేలుకు కోపం వచ్చింది. "అడిగిన సారూ. చూసిన్నని చెప్పిండు. మా ఆయన నాకు అబద్ధం చెప్పడు. గిన్నేండ్లల్ల ఒక్కసారి చెప్పలె."

మేనేజర్ రామ్‌చందర్ వైపు తిరిగి, ఇంకేం కావాలన్నట్టు చూశాడు. రామ్‌చందర్ "నేను ఎవరికీ చూపించలేదు సార్," అన్నాడు. మేనేజర్ గంట కొట్టి, ప్యాకింగ్ నుంచి ఇశ్రాయేలును పిలుచుకురమ్మన్నాడు.

తలుపు తోసుకుని ఒక మనిషి లోపలికి వచ్చాడు. ఖాకీ అంగి, ఖాకీ లాగు, భుజాల మీద గడ్డిపోచలు, మెడలో చెమట తుడుచుకునే గుడ్డ. రాహేలు అతని మీంచి తలుపు వైపు చూస్తూ కూర్చుంది. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న తన భర్త కోసం ఎదురుచూస్తోంది. అతను అక్కడే నిలబడి ఉన్నాడు, ఆమె ఇంకా తలుపే చూస్తోంది. అట్లా ఎంతసేపు గడిచిందో, ఇశ్రాయేలుకు మాత్రం తల కొట్టేసినట్టయింది. అప్పుడు ఆమె కళ్లు వెనక్కి వచ్చి అతని మొహం మీద ఆగాయి.

"గీ బట్టలేంది?" అంది మెల్లగా.

ఆమె మేనేజర్ వైపు, గడ్డిపోచల వైపు చూసి, తనే ఒక దారి వెతికింది. "మిషన్‌ను పెట్టెల పెట్టుడుకు పోయినవా? గందుకే మార్చుకున్నవా?"

అవును అంటే చాలు. ఎప్పుడూ తనే వెతుక్కునే అబద్ధం ఈసారి ఆమె చేతులతో తెచ్చి ఇస్తోంది. అవును అంటే ఆమె తెల్లచీరతో, తలెత్తుకుని ఇంటికి వెళ్తుంది. పక్కన నిలబడ్డ ఆ కుర్రవాడు జైలుకు వెళ్తాడు. ఇశ్రాయేలు మెడలోని గుడ్డ తీసి చేతిలో నలిపాడు.

"కాదు," అన్నాడు. "నా పనే గది. చేరినకాడికెల్లి ప్యాకింగ్‌ల్నే ఉన్న. డిజైన్ గదిల ఒక్కసారి బల్ల మోసిన, గంతే. నువ్వు గలీబు కుట్టినప్పటికి గా మిషన్‌ను నేను చూడలె రాహేలూ. బొమ్మ గూడ చూడలె. హోటల్ల నవ్విండ్రని నోటికొచ్చింది చెప్పిన. నువ్వడిగినప్పుడు గూడ అబద్ధమే చెప్పిన. గీ సారు నాకేం చూపియ్యలె."

కైలాసం సేటు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. రాహేలు లేచి, బల్ల దగ్గరికెళ్లి, గలీబును మిషన్ మీంచి తీసి, మడతపెట్టి, చంకలో పెట్టుకుంది. ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచింది. సేటు ఆమె వెనకే పరుగెత్తాడు.

మేనేజర్ కాసేపు ఆలోచించాడు. గలీబు ముందు, బొమ్మ తర్వాత. అట్లాంటప్పుడు దొంగతనం లేదు. గల్లీ హోటల్‌లో చెప్పిన అబద్ధానికి ఏం శిక్ష వేయాలో ఫ్యాక్టరీ రూల్స్‌లో రాసి లేదు. "పో, పని చూసుకో," అన్నాడు.

వరండాలో రామ్‌చందర్ వెనకనుంచి పిలిచాడు. దండం పెడతాడేమోనని ఇశ్రాయేలు భయపడ్డాడు. ఆయన పెట్టలేదు.

"ఒక్క సంగతి చెప్పు. రెండు హ్యాండిళ్లూ ఎడమవైపే ఎందుకు?"

"కుడిచేతిల సాసర్ ఉండె సార్."

రామ్‌చందర్ వరండా స్తంభానికి ఆనుకున్నాడు. "మీటింగ్‌లో నన్ను ఇదే అడిగారు. అరగంట చెప్పాను. మనిషికి గుండె ఎడమవైపు ఉంటుంది కాబట్టి అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. నేను కూడా నమ్మాను." ఆయన మొహం ఎర్రబడింది. "నెలల తరబడి నాకు రాలేదు. ఆ రోజు చెయ్యి దానంతట అదే పోయింది. నాది కాదని ఎక్కడో అనిపించింది కూడా. ఎవరికీ చెప్పలేదు." ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక, ఎవరి గదికి వాళ్లు వెళ్లిపోయారు.

సాయంత్రం బస్సు శాలిబండలో ఆగితే ఇశ్రాయేలు దిగలేకపోయాడు. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాడు. అతనికన్నా ముందే వార్త వచ్చేసింది. హోటల్ ముందునుంచి వెళ్తుంటే లోపల మాటలు ఆగిపోయాయి. మొగులయ్య బెంచీ మీద జరిగి, "దా తమ్మీ, కూసో," అన్నాడు. ఎవరైనా తిట్టినా బాగుండేది. ఆ జరగడం చూసి ఇశ్రాయేలుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తల వంచుకుని ఇంటికి పోయాడు.

రాహేలు తిట్టలేదు, ఏడవలేదు. అన్నం పెట్టింది. మర్నాడు నల్లా వచ్చి పోయింది, మిషన్ చప్పుడు మాత్రం కాలేదు. ఆ మర్నాడూ కాలేదు. ఎవరి స్కూటర్ గలీబో సగం కుట్టి మిషన్ మీద అట్లాగే ఉంది. ఆ స్కూటర్ కూడా వాళ్ల ఇంటి ముందుకు వెనక చక్రం ఒక్కటే వచ్చి ఆగిందట. వాళ్లావిడ వచ్చి అడిగితే రాహేలు, "నాతోని కాదక్కా," అంది. ఆమె వెళ్లాక ఇశ్రాయేలు వైపు తిరగకుండా గోడతో అన్నట్టు అంది: "ఇంట్ల మనిషి చెప్పిందే ఇట్లైతే, బయటోల్లు చూసిన్నంటె ఎట్ల నమ్మాలె? టేపు పట్టుకుంటె చెయ్యి వస్తలేదు."

ఆ మాటతో ఇశ్రాయేలు లోపల్లోపల కుంగిపోయాడు. తన పరువు పోతుందని ఇన్నేళ్లు భయపడ్డాడు. పోయింది ఆమె పని. క్షమించమని అడగబోయి, ఆ మాట కూడా ఆమె ఎట్లా నమ్మాలో తెలియక మానుకున్నాడు. మళ్లీ ఇస్త్రీ చొక్కాలోనే పనికి వెళ్లాడు, ఖాకీ బట్టలు ఎప్పుడూ ఫ్యాక్టరీలోనే విడిచి వచ్చేవాడు కాబట్టి. గల్లీలో ఆ చొక్కా చూసి ఎవరూ ఏమీ అనలేదు. అది ఇంకా కష్టంగా ఉండేది.

ఒక పొద్దున మిషన్ చప్పుడుకు అతను నిద్రలేచాడు. రాహేలు స్నానం కూడా చేయకుండా కూర్చుని కుడుతోంది. ఒళ్లో ఖాకీ గుడ్డ. గుండీలు కుట్టి, దారం పంటితో కొరికి, అతని ముందు పెట్టింది. అంగి.

మనుషులకని ఆమె ఏదీ కుట్టగా ఇశ్రాయేలు చూడలేదు. "కొలత దీస్కోలేదు గద," అన్నాడు.

"ఎవల్నడగాలె?" అంది రాహేలు. "చూసినోల్లే చెప్పాలె. గిన్నేండ్లు ఒక్క ఇంట్ల ఉండి నేనే నిన్ను చూడలె. నేననుకున్న మనిషి ఒకడుండె. ఆయినెను యాది జేస్కోని కుట్టిన."

ఇశ్రాయేలు తొడుక్కున్నాడు. భుజాలు జారి మోచేతుల వైపు వేలాడాయి. చేతులు వేళ్లను దాటి పోయాయి. మెడ దగ్గర ఇంకో మెడ పట్టేంత చోటు మిగిలింది.

"పెద్దగైంది," అన్నాడు.

"అంగి సరిగ్గనే ఉన్నది," అంది రాహేలు.

ఆమె నవ్వలేదు. దగ్గరికొచ్చి, అతని అంగి చేతులు రెండూ మణికట్టు పైదాకా మడతలు పెట్టింది. అటు చెయ్యి అయ్యాక ఇటు చెయ్యి. ఆ కొద్దిసేపూ ఇశ్రాయేలు చేతులు చాపి నిలబడ్డాడు. తర్వాత ఆమె వెళ్లి మిషన్ మీది సగం గలీబు తీసి చూసింది, మళ్లీ అక్కడే పెట్టింది.

అతను ఆ అంగితోనే గల్లీలోకి నడిచాడు. పాలు తెచ్చుకుంటున్న ఆడవాళ్లు చూశారు. వైకుంఠం దుకాణం తెరుస్తూ చూశాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, అయినా పక్క సందులోకి తిరగలేదు. హోటల్ దగ్గర మొగులయ్య డ్యూటీకి పోయే ముందు చాయ్ తాగుతున్నాడు. ఇశ్రాయేలు వెళ్లి ఆ బెంచీ మీద కూర్చున్నాడు.

"ఏంది తమ్మీ, అంగి వదులున్నది," అన్నాడు మొగులయ్య.

"మా ఇంటామె కుట్టింది."

"మంచిగున్నది. మరి, ఏం పనుంటది అక్కడ?"

ఆ ప్రశ్న అంతకుముందు ఎందరో అడిగారు. ఇశ్రాయేలు చాయ్ బల్ల మీద పెట్టాడు. "టీవీ అద్దం పలగకుంట సుట్టూత గడ్డి వెడత," అన్నాడు. "మూలలకు ఎక్కువ వెట్టాలె. బండ్ల వేసినప్పుడు దెబ్బ మూలకే తగులుతది. తాడు గట్టిగ గుంజితె అట్ట చినుగుతది, వదులుగుంటె లోపట కదులుతది. గంతే అన్నా. గదే నా పని." మొగులయ్య శ్రద్ధగా విని, పోయినేడు తమ చుట్టాలింటికి వచ్చిన టీవీ మూల ఎందుకు పగిలిందో ఇప్పుడు తెలిసిందన్నాడు.

ఫ్యాక్టరీ బస్సు హారన్ కొట్టింది. ఇశ్రాయేలు లేచి పరుగెత్తి, మెట్టెక్కి, పై కడ్డీ పట్టుకోబోతే, ఇందాక వేళ్లను దాటి వేలాడిన అంగి చెయ్యి బిగుసుకుంది. మడత ఒకటి విప్పుకున్నాడు.